సున్నపు గార పట్టిన కాఫీ మేకరు: వెనిగరా, నిమ్మ ఉప్పా?

గడ్‌చాందూర్ గృహిణి

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి పది నెలల కిందట హైదరాబాదు నుంచి ఒక డ్రిప్ కాఫీ మేకరు తెచ్చి ఇచ్చాడు. వెనుక తొట్టిలో నీళ్ళు పోసి, బుట్టలో పొడి వేసి, మీట నొక్కితే గాజు జారులోకి డికాషను దిగే సాధారణ రకం అది. కొన్న కొత్తలో 600 మిల్లీలీటర్లు పది నిమిషాల్లో దిగేవి. ఇప్పుడు ఇరవై నాలుగు నిమిషాలు పడుతోంది. పైగా యంత్రం మూలుగుతుంది, మూత సందుల్లోంచి ఆవిరి చిమ్ముతుంది, చివరికి దిగిన డికాషనులో వేడీ ఉండదు, చిక్కదనమూ ఉండదు.

మాకు బోరు నీళ్ళే ఆధారం. చుట్టూ సున్నపురాయి గనులూ సిమెంటు కర్మాగారాలూ ఉన్న ఊరు కాబట్టి నీళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, స్టీలు గిన్నెలో నీళ్ళు కాస్తే అంచున తెల్లటి వలయం మిగులుతుంది. పోయిన నెలలో అర లీటరు వెనిగరు సీసా మొత్తం, నీళ్ళు కలపకుండా, తొట్టిలో పోసి నడిపించాను. కొంత మెరుగైనట్టే అనిపించింది గాని వారం రోజులు కాఫీ ఊరగాయ వాసన కొట్టింది. మా వారు ఆ వారమంతా టీ తాగారు. మళ్ళీ వెనిగరే పోయాలా, లేక నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వాడాలా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

బల్లార్షా రిపేరు

అమ్మా, ఏది పోయాలన్నది తరువాత చూద్దాం. ముందు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే లోపం ఎక్కడుందో మీరే పట్టుకోగలరు.

ఈ రకం యంత్రంలో పంపు అంటూ ఏదీ ఉండదు. తొట్టి అడుగు నుంచి నీళ్ళు వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు ఒకటి దాటి, జారు కూర్చునే పళ్ళెం కింద గుర్రపునాడా ఆకారంలో ఉన్న సన్నటి గొట్టంలోకి నీళ్ళు చేరతాయి. ఆ గొట్టం చాలా యంత్రాల్లో అల్యూమినియంతో చేసినదే, దాన్ని ఆనుకునే హీటరు కడ్డీ ఉంటుంది. అక్కడ నీళ్ళు మరిగి బుడగలు పుట్టి, ఆ బుడగలే నీళ్ళను పై గొట్టం గుండా, పొడి మీద నీళ్ళు చల్లే షవరు దాకా తోసుకుపోతాయి. గొట్టం లోపలి గోడకు నీళ్ళలోని సున్నం గారగా పట్టిందంటే దారి ఇరుకవుతుంది, వేడి కూడా గార పొరను దాటి నీటికి సరిగా అందదు. నీళ్ళు తక్కువ, ఆవిరి ఎక్కువ అవుతుంది. మీరు చెప్పిన మూలుగు అదే. ఇంకా ముదిరితే హీటరు అతిగా వేడెక్కి, రక్షణ స్విచ్చి మాటిమాటికీ యంత్రాన్ని ఆపేస్తుంది.

అయితే నిదానంగా దిగడానికి గార ఒక్కటే కారణం కాకపోవచ్చు. అందుకని రెండు పరీక్షలు చేయండి. బుట్టలో పొడి లేకుండా ఉత్త నీళ్ళు నడిపించి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి; అప్పుడూ ఆలస్యమైతే లోపం గొట్టంలో, పొడి వేస్తేనే ఆలస్యమైతే బుట్టలో. తొట్టి అడుగున కనిపించే తెలుపు మీద నిమ్మరసం ఒక చుక్క వేసి, పొంగుతుందో లేదో చూడండి; పొంగితే అది సున్నపు గారే.

కొత్త సభ్యుడు, వణి

ఇంత ఆలోచన ఎందుకండీ? బాత్రూము గచ్చు కడిగే ఆసిడ్ రెండు చెంచాలు నీళ్ళలో కలిపి పోస్తే నిమిషంలో కరిగిపోతుంది. ఆ తరువాత బ్లీచింగ్ నీళ్ళు పోస్తే వాసన కూడా పోతుంది.

రాజురా మాస్టారు

పై సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. నేను ముప్పై ఏళ్ళు రసాయన శాస్త్రం చెప్పినవాడిని కాబట్టి ఈ ఒక్క చోట కాస్త గట్టిగానే మాట్లాడుతున్నాను. గచ్చు కడిగేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది గారతో పాటు అల్యూమినియం గొట్టాన్నీ తినేస్తుంది. దాని వెనకే బ్లీచింగ్ నీళ్ళు పోస్తే గొట్టంలో మిగిలిన ఆమ్లంతో కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపులు మూసిన వంటగదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. వెనిగరు, నిమ్మ ఉప్పు వంటి బలహీన ఆమ్లాలతో కూడా బ్లీచింగును కలపకూడదు.

జయపురం తోటవాడు

నేను కొరాపుట్ జిల్లా నుంచి రాస్తున్నాను. మా ఇంట్లోనూ ఇదే రకం యంత్రం మూడేళ్ళుగా ఉంది. మాకు కొండ ఊట నీళ్ళు వస్తాయి. తొట్టిలో ఇప్పటివరకు తెలుపు అన్నది చూడలేదు. అయినా నిరుడు మా యంత్రం కూడా ఇలాగే మొరాయించింది. ఎవరో చెప్పారని వెనిగరు పోశాను, నిమ్మకాయ పిండాను, ఏమీ జరగలేదు. చివరికి బుట్ట విప్పి చూస్తే జల్లెడ మీద గోధుమరంగు జిగురు పూతలా పట్టి ఉంది. షవరు కన్నాల చుట్టూ కూడా అదే జిగురు. అది కాఫీ గింజ నూనె. మా దగ్గర నల్లగా వేయించిన పొడి ఇష్టపడతారు, గింజ ఎంత నల్లగా వేగితే నూనె అంత పైకి తేలుతుంది. ఆ నూనె పాతబడితే కాఫీకి ముక్క వాసన కూడా వస్తుంది.

నూనె జిడ్డుకు పులుపు పనికిరాదని అప్పుడు తెలిసింది. వేడినీళ్ళలో తినే సోడా కలిపి బుట్టనూ జల్లెడనూ అరగంట నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దితే గోధుమరంగు నీళ్ళు దిగాయి. కాబట్టి గృహిణి గారు ఆ బుట్టను కూడా ఒకసారి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే బాగుంటుంది.

గడ్‌చాందూర్ గృహిణి

అన్నీ చేశాను. నిమ్మరసం చుక్క పడగానే బుసబుసమని పొంగింది. పొడి లేకుండా ఉత్త నీళ్ళు దిగడానికి పదహారు నిమిషాలు పట్టింది, పొడి వేస్తే ఇరవై నాలుగు. బుట్టను వెలుతురుకు పెడితే జల్లెడ సగానికి పైగా మూసుకుపోయి కనిపించింది. అంటే నాకు రెండు జబ్బులూ ఉన్నట్టేనా? మేము వాడేది చికోరీ కలిసిన ఫిల్టరు పొడి, చాలా మెత్తగా ఉంటుంది. ఇంకొక వివరం: మా వారికి తెలిసిన ప్రయోగశాలలో మా బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే మొత్తం కఠినత, అంటే నీళ్ళలో కరిగి ఉన్న సున్నం వంటి లవణాల మోతాదు, లీటరుకు 480 మిల్లీగ్రాములు అని వచ్చింది.

రాజురా మాస్టారు

480 అన్న అంకె చేతికి వచ్చింది కాబట్టి ఇక ఊహలు అక్కరలేదు, లెక్క వేయవచ్చు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కఠినత 200 వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేకపోతే 600 వరకు అనుమతిస్తారు. మీ నీళ్ళు తాగడానికి ఆ హద్దులోనే ఉన్నాయి గాని, యంత్రానికి మాత్రం బరువే.

మీరు రోజుకు రెండు సార్లు, అంటే 1.2 లీటర్లు కాస్తారనుకుందాం. అందులో కాల్షియం కార్బొనేటు (గార అంటే ముఖ్యంగా ఇదే) లెక్కలో సుమారు 0.58 గ్రాములు ఉంటుంది, నెలకు 17 గ్రాములు. ఇదంతా గొట్టంలో పేరుకోదు. కఠినతలో బైకార్బొనేట్ల వల్ల వచ్చే భాగం మాత్రమే వేడికి విడిపోయి గారగా మారుతుంది, అందులోనూ చాలా మటుకు డికాషనుతో పాటే కిందికి దిగిపోతుంది. నాలుగో వంతు నిలిచిందనుకున్నా నెలకు 4 గ్రాములు, పది నెలలకు 40 గ్రాములు. నాలుగో వంతు అన్నది నా అంచనాయే, కాని లెక్క దారి అర్థం కావడానికి అది చాలు.

ఇప్పుడు మీ వెనిగరు సంగతి. మన దుకాణాల్లో దొరికే వెనిగరులో ఎసిటిక్ ఆమ్లం 4 శాతం దాకా ఉంటుంది. అర లీటరులో 20 గ్రాములు. 100 గ్రాముల గార కరగడానికి 120 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం కావాలి కాబట్టి, మీ సీసా మొత్తం ఒక్క కణం కూడా వృథా కాకుండా పనిచేసినా కరిగించగలిగింది సుమారు 17 గ్రాములు. కొంత మెరుగై ఆగిపోయిందని మీరు రాసినది ఈ లెక్కకు సరిగ్గా సరిపోతోంది. వెనిగరు తప్పు చేయలేదు, చాలలేదు.

నిమ్మ ఉప్పు 20 గ్రాములు తీసుకుంటే అది సుమారు 15 గ్రాముల గారను కరిగిస్తుంది. అంటే అర లీటరు వెనిగరుకూ, రెండు చెంచాలకు కాస్త తక్కువగా ఉండే నిమ్మ ఉప్పుకూ బలంలో పెద్ద తేడా లేదు. ఇక్కడ చెంచా అంటే అన్నం తినే పెద్ద చెంచా (టేబుల్ స్పూను). వాసన లేకపోవడం, ధర తక్కువ కావడం వల్ల నేను నిమ్మ ఉప్పు వైపే మొగ్గుతాను. మన ప్రాంతపు కిరాణా దుకాణాల్లో నింబూసత్ అని అడిగితే ఇస్తారు.

బల్లార్షా రిపేరు

మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు. చేసే విధానంలో రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. లీటరు నీళ్ళలో 20 గ్రాములు కలిపి, పూర్తిగా కరిగాకే తొట్టిలో పోయండి, పలుకులు వాల్వులో చిక్కుకుంటాయి. యంత్రం నడిపించి, ఒక కప్పు నీళ్ళు జారులోకి దిగగానే ఆపేయండి. అప్పటికి ద్రావణం గొట్టమంతా నిండి ఉంటుంది. ఇరవై నిమిషాలు అలా ఉంచి, మిగతాది నడిపించండి. పుల్లటి ద్రావణం రాత్రంతా ఉంటే ఇంకా బాగా శుభ్రపడుతుందనుకుని అలాగే వదిలేసినవాళ్ళ యంత్రాలు నా బల్ల మీదికి వచ్చాయి. అల్యూమినియం గొట్టానికి సూది బెజ్జాలు పడి, నీళ్ళు హీటరు కడ్డీ మీదికి కారుతుంటాయి. కరెంటూ నీళ్ళూ కలిసే చోటు అది, అతుకు వేసి ఇచ్చే పని కాదు.

సిరోంచ ఒడ్డు

ఒక సందేహం. ద్రావణాన్ని విడిగా గిన్నెలో బాగా మరిగించి పోస్తే త్వరగా కరగదా? మా ఇంట్లో నీళ్ళు కాచే కెటిలుకు అలా చేసినప్పుడు గార పోయినట్టే పోయి, అడుగున ఇసుకలాంటి తెల్ల పొడి మిగిలింది.

రాజురా మాస్టారు

మంచి ప్రశ్న వేశారు. మీకు మిగిలినది పాత గార కాకపోవచ్చు, కొత్తగా పుట్టిన కాల్షియం సిట్రేటు అయి ఉండవచ్చు. చాలా లవణాలు వేడికి ఎక్కువగా కరుగుతాయి, ఇది మాత్రం వేడి పెరిగేకొద్దీ తక్కువగా కరుగుతుంది. నిమ్మ ఉప్పు తక్కువ వేసి గార ఎక్కువగా ఉన్న చోట మరిగిస్తే, ఆమ్లం అయిపోయి ఈ తెల్ల పొడి అడుగున పేరుకుంటుంది. గోరువెచ్చగా ఉంటే చాలు, మరగనక్కరలేదు. యంత్రం ఎలాగూ కొంత వేడి చేస్తుంది కాబట్టే, ఒక కప్పు దిగగానే ఆపి నానబెట్టమన్న పై సలహా నాకు నచ్చింది.

ఇంకొక చిన్న ఉపాయం. ఒక విడత అయ్యాక జారులోకి దిగిన నీళ్ళు కొన్ని గ్లాసులో తీసుకుని, చిటికెడు తినే సోడా వేయండి. జోరుగా పొంగితే ఆమ్లం ఇంకా మిగిలి ఉంది, అంటే కరగవలసిన గార దానికి ఇక అందలేదని అర్థం. పొంగకపోతే ఆమ్లమంతా ఖర్చయిపోయింది, ఇంకొక విడత చేయాలి. ఎన్ని విడతలు అన్నది పుస్తకంలో చూడనక్కరలేదు, ఆ గ్లాసే చెబుతుంది.

పర్లాకిమిడి పాత ఫిల్టరు

యంత్రం లేనివాళ్ళ తరఫున ఒక మాట. మా ఇంట్లో తాతలనాటి ఇత్తడి ఫిల్టరు ఒకటి, రోజువారీ వాడకానికి స్టీలుది ఒకటి ఉన్నాయి. డికాషను దిగకపోతే అందరూ నీళ్ళను తిడతారు గాని, వీటిలో నీళ్ళు గొట్టాల్లో మరగవు కాబట్టి గార బాధ తక్కువ. మూసుకుపోయేవి అడుగు కన్నాలే. స్టీలు ఫిల్టరు పై గిన్నెను పొయ్యి మంట మీద అడుగు ఎర్రబడకుండా కాసేపు పట్టుకుంటే కన్నాల్లో చిక్కిన పొడి కాలి బూడిదవుతుంది, చల్లారాక తట్టి బ్రష్షుతో తుడిస్తే కన్నాల్లోంచి ఎదురుగా ఉన్న దీపం కనిపిస్తుంది. ఇత్తడిదాన్ని మంట మీద పెట్టను, చింతపండుతో తోమి వెంటనే కడిగేస్తాను. గృహిణి గారు జల్లెడను మాత్రం మంటకు చూపించకండి, యంత్రాల జల్లెడలు చాలా వరకు నైలానువి.

జయపురం తోటవాడు

పొడి గురించి కూడా చెప్పాలి. ఇత్తడి, స్టీలు ఫిల్టర్ల కోసం విసిరిన పొడి చాలా మెత్తన, అక్కడ డికాషను గంటసేపు దిగినా పరవాలేదు. యంత్రంలో నీళ్ళు షవరులా గబగబా పడతాయి, మెత్తటి పొడి జల్లెడకు అతుక్కుని బురదలా కూర్చుంటే బుట్ట నిండి అంచు మీదుగా పొర్లుతుంది. చికోరీ నీళ్ళు తగలగానే మెత్తబడి ఆ బురదను ఇంకా చిక్కబరుస్తుంది. చికోరీ రుచి మీకు అలవాటైతే పూర్తిగా మానమని అనను. కొంచెం గరుకుగా, రవ్వ కంటే కాస్త సన్నగా విసిరిన పొడి అడగండి, చికోరీ వంతు తగ్గించి చూడండి.

సిరోంచ ఒడ్డు

గార పోగొట్టడం సరే, మళ్ళీ పట్టకుండా ఉండాలంటే ఏ నీళ్ళు పోయాలి? పటిక తిప్పితే నీళ్ళు తేటబడతాయి కదా, కఠినత కూడా పోతుందా? మా పక్కింటివారు టీడీఎస్ మీటరు కొని, అంకె చూసి నీళ్ళు ఎంచుకుంటున్నారు.

రాజురా మాస్టారు

పటిక మట్టిని దించుతుంది, కరిగి ఉన్న సున్నాన్ని దించదు. టీడీఎస్ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత బాగా పారుతుందో కొలిచి, దాని నుంచి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. అవి ఉప్పువా, సున్నానివా అన్నది దానికి తెలియదు. ఒకే అంకె చూపించే రెండు నీళ్ళలో ఒకటి గార పట్టించవచ్చు, రెండోది పట్టించకపోవచ్చు.

ఖర్చు లేని పద్ధతి ఒకటి ఉంది. నీళ్ళను పది, పదిహేను నిమిషాలు బాగా మరిగించి, చల్లారనిచ్చి, కదపకుండా పై తేట మాత్రం గుడ్డలో వడపోసుకుంటే, బైకార్బొనేట్ల సున్నం చాలా వరకు అడుగున ఉండిపోతుంది. యంత్రంలో పట్టవలసిన గార మీ గిన్నెకు పడుతుందన్న మాట. గిన్నెను తోమడం సులువు. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చే కఠినత ఇలా పోదు.

బల్లార్షా రిపేరు

ఆర్వో నీళ్ళు ఉన్నవారు వాటిలో మూడో వంతు మామూలు నీళ్ళు కలుపుకుంటే మంచిది. పూర్తిగా ఆర్వో నీళ్ళతో కాచిన కాఫీ చప్పగా ఉందని చాలామంది అంటారు. కడ్డీలతో నీటి మట్టాన్ని పసిగట్టే పెద్ద ఎస్ప్రెసో యంత్రాల్లో లవణాలు మరీ తక్కువైతే, నీళ్ళు ఉన్నా లేవని చూపించవచ్చు. మీ చిన్న యంత్రానికి ఆ బెడద లేదు.

గడ్‌చాందూర్ గృహిణి

మూడు రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. మొదటి విడతలో నీళ్ళు మజ్జిగలా తెల్లగా, చిన్న చిన్న పెచ్చులతో దిగాయి. తొట్టిలోంచి బుసబుసలు పైకే వినిపించాయి. గ్లాసులో సోడా వేస్తే కదలికే లేదు. రెండో విడతలో కొంచెం పొంగింది. మూడో విడతలో గ్లాసు అంచు దాటి పొంగి గట్టు మీద పడింది. మాస్టారు గారు మూడు అని ముందే చెప్పకపోయినా, 40ని 15తో భాగించినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆ తరువాత మంచినీళ్ళతో మూడు సార్లు నడిపించాను.

పొడి లేకుండా ఇప్పుడు తొమ్మిదిన్నర నిమిషాలు. బుట్టనూ జల్లెడనూ సోడా నీళ్ళలో నానబెట్టి రుద్దాక, పాత పొడితోనే పదిహేను నిమిషాలు పట్టింది. నిన్న చంద్రపూర్‌లో గరుకుగా విసిరించి తెచ్చిన పొడితో పదకొండు. మూలుగు లేదు, ఆవిరి షవరు దగ్గర తప్ప ఎక్కడా రావడం లేదు. డికాషను పెదవి కాలేంత వేడిగా ఉంది, మా వారు టీ మానేశారు.

ఇక నుంచి నీళ్ళు ముందురోజు రాత్రి మరిగించి తేర్చి పెట్టుకుంటున్నాను. గిన్నె అడుగున తెల్లటి పొర చూస్తుంటే ఇది పది నెలలుగా ఎక్కడికి పోయిందో తెలుస్తోంది. అయినా నెలకు ఒకసారి నిమ్మ ఉప్పు విడత ఒకటి చేయాలనుకుని, మరచిపోకుండా గోడ మీది క్యాలెండరులో ప్రతి అమావాస్యకూ ఎర్ర చుక్క పెట్టాను.

బల్లార్షా రిపేరు

తేర్చిన నీళ్ళు పోస్తున్నారు కాబట్టి రెండు అమావాస్యలకు ఒకసారి చాలమ్మా. మధ్యలో నిమిషాలు పన్నెండు దాటితే తిథి చూడకండి, వెంటనే చేయండి. రోజూ పని అయ్యాక తొట్టిలో మిగిలిన నీళ్ళు వంచేసి మూత తెరిచి ఉంచండి, తడి ఆరకపోతే బూజు పడుతుంది.

జయపురం తోటవాడు

ఆ గరుకు పొడిలో చికోరీ ఎంత వేయించారో కూడా రాయండి. మా ఇంట్లో ఇదే విషయంపై ఇంకా వాదన నడుస్తోంది.

గడ్‌చాందూర్ గృహిణి

నూటికి ఇరవై. మా అత్తగారికి అంతకంటే తగ్గిస్తే కాఫీ కాదట.